సగటు పటము – తుపాను దినము

క్రీ.శ. 1900వ సంవత్సరమున రెండు సంఘటనలు జరిగినవి. ఆ యేడు వ్లదిమీర్ కొప్పెన్ అను శాస్త్రజ్ఞుడు ప్రపంచమునందలి శీతోష్ణస్థితులను వర్గములుగ విభజించు తన పద్ధతిని జర్మనీలో ప్రకటించెను. అదే సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాసు తీరమున, గాల్వెస్టన్ అను ద్వీపనగరముపై ఒక హరికేన్ విరుచుకుపడెను. కనీసము 6,000 మంది, పలువురి అంచనా ప్రకారము 8,000 మంది మరణించిరి. ఈ రెండు సంఘటనలకు పరస్పర సంబంధమేమియు లేదు. అయినను రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక ప్రశ్న ఉదయించును. ఒక ప్రదేశపు శీతోష్ణస్థితిని తెలిసికొనుట అనగా ఆ ప్రదేశమున ఏమి జరుగగలదో తెలిసికొనుటయేనా?

పాఠ్యపుస్తకములలో ఈ విషయములు రెండు వేర్వేరు ప్రకరణములుగ ఉండును. ఒక ప్రకరణమున తుపాను పుట్టు విధానము వివరింపబడును. ఇంకొక ప్రకరణమున రంగులు వేసిన ప్రపంచ పటము, దాని ప్రక్కన అక్షరముల పట్టిక కనబడును. విద్యార్థి రెంటిని వల్లించి పరీక్ష వ్రాయును. పటము తుపానును గురించి ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పుట లేదు అను విచారణ ఎక్కడను రాదు. ఈ విచారణ లేకపోవుట చిన్న లోపము కాదు. గాల్వెస్టన్ కథ దానినే నిరూపించుచున్నది.

మొక్కయే కొలబద్ద

కొప్పెన్ 1846లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించెను. బాల్యమున ఆ చలి నగరమునకు, వెచ్చని క్రిమియా తీరమునకు నడుమ ప్రయాణములు చేయుచు, దారి పొడవున చెట్టుచేమలు మారుచుండుట గమనించెను. మొక్కల పెరుగుదలకును ఉష్ణమునకును గల సంబంధముపైననే అతడు పరిశోధన చేసి పట్టము పొందెను. 1875 నుండి హాంబర్గ్‌లోని నౌకా వాతావరణ సంస్థలో పనిచేసెను. అంతకు ముందు సంవత్సరమే ఆల్ఫాన్స్ డి కాండోల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కలను వాటికి కావలసిన వేడిమి, నీరు అనువాటినిబట్టి సముదాయములుగ విభజించియుండెను. కొప్పెన్ దానిని పునాదిగ గైకొనెను. 1900లో ప్రకటించిన పద్ధతిని 1918లో సవరించి, 1936లో మరల సమగ్రముగ వెలువరించెను. తరువాత రుడాల్ఫ్ గైగర్ దానికి మెరుగులు దిద్దెను. నేడు పటములలో కనబడునది ఈ సవరణల ఫలితమే.

ఈ పద్ధతియందలి మూలభావము సులభమైనది. ఒకచోట ఏ వృక్షజాలము సహజముగ పెరుగునో అదే ఆ చోటి శీతోష్ణస్థితికి నమ్మదగిన సాక్షి. మొక్క ఒక్కనాటి ఎండకు గాని, ఒక్కనాటి వానకు గాని లొంగదు. ఏండ్ల తరబడి వచ్చు ఎండవానల మొత్తమును అది లెక్క కట్టుకొనును. కావున వృక్షజాలము మారు సరిహద్దులను కనుగొని, ఆ సరిహద్దుల వద్ద సగటు ఉష్ణోగ్రత యెంత, సగటు వర్షపాతము ఎంత అని చూచి, ఆ అంకెలనే వర్గముల హద్దులుగ కొప్పెన్ నిర్ణయించెను.

ఆ విధముగ ఐదు ప్రధాన వర్గములేర్పడినవి. మిక్కిలి చల్లని నెలలో కూడ సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గనిచో అది 'ఎ' వర్గము, అనగా ఉష్ణమండలము. ఎండకు ఆవిరియగు నీటికి సరిపడ వాన లేనిచో 'బి' వర్గము, అనగా శుష్కమండలము. మిక్కిలి చల్లని నెల 18 డిగ్రీలకు తక్కువై, మైనస్ 3 డిగ్రీలకు ఎక్కువైనచో 'సి' వర్గము. అంతకంటె చలి యెక్కువై, వేసవిలో ఒక నెలయైనను 10 డిగ్రీలను అందుకొన్నచో 'డి' వర్గము. ఏ నెలయు 10 డిగ్రీలను అందుకొనక, చెట్లు పెరుగజాలని చోటు 'ఇ' వర్గము. వీనికి వాన ఏ ఋతువున కురియునో, వేసవి ఎంత తీవ్రమో తెలుపు చిన్న అక్షరములు చేర్చబడును.

శుష్కమండలపు హద్దును గుర్తించు లెక్క ఈ పద్ధతిలో ముఖ్యమైనది. సంవత్సరపు సగటు ఉష్ణోగ్రతను 20తో హెచ్చించి, వానలో 70 శాతము వేసవి అర్ధసంవత్సరమున కురిసినచో 280, ఏ అర్ధమునను అంత లేనిచో 140 కలుపవలెను; చలికాలమున అంత కురిసినచో ఏమియు కలుపనక్కర లేదు. వచ్చిన సంఖ్యకంటె వర్షపాతము, మిల్లీమీటర్లలో, తక్కువైనచో అది శుష్కప్రదేశము. దానిలో సగమునకు కూడ తక్కువైనచో ఎడారి. అనంతపురమును ఉదాహరణముగ తీసికొనవచ్చును. అచ్చటి సగటు ఉష్ణోగ్రత సుమారు 28 డిగ్రీలు. 280 కలిపినచో హద్దు 840, దానిలో సగము 420. 140 కలిపినచో 700, సగము 350. అచ్చటి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఏ విధముగ లెక్కించినను అనంతపురము ఎడారి కాదు గాని, ఎడారి అంచుననున్న గడ్డిభూమి వర్గమునకు చెందును. ఆ జిల్లా రైతునకు ఈ ఫలితము వింతగ తోచదు.

ఇదియే ఈ పద్ధతియందలి గొప్పతనము. ఒక ఉష్ణమాపకము, ఒక వర్షమాపకము, ఓపికతో అంకెలు వ్రాయు ఒక మనుష్యుడు ఉన్నచాలు. ప్రపంచమున ఏ మూలనున్న ఊరినైనను దానివంటి మరియొక ఊరితో పోల్చవచ్చును. ఒక దేశపు పంట ఇంకొక దేశమున పండునా అను ప్రశ్నకు మొదటి సమాధానము ఈ పట్టికనుండి దొరకును. నూరేండ్లు గడచినను ఈ పద్ధతి వాడుకనుండి తొలగకపోవుటకు కారణమిదే.

ఒకే అక్షరములు, రెండు తీరములు

ఇప్పుడు గాల్వెస్టన్‌ను ఈ పట్టికలో వెదకినచో అది 'సి-ఎఫ్-ఎ' అను గుర్తుక్రింద కనబడును. చలికాలము మితమైనది, వాన లేని ఋతువు లేదు, వేసవి వేడిగనుండును అని దాని అర్థము. అర్జెంటీనా రాజధానియైన బ్యూనస్ ఐరిస్‌ను వెదకినచో అదియు 'సి-ఎఫ్-ఎ' క్రిందనే కనబడును. రెండును సముద్రసామీప్యము గల రేవులే. రెండింటను సంవత్సరమునకు 1,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. మొక్కల దృష్టితో చూచినచో ఆ రెండు ఊళ్లు దగ్గరి చుట్టములు.

కాని మనుష్యుని దృష్టితో చూచినచో వాటికి పోలిక లేదు. గాల్వెస్టన్ హరికేన్‌ల దారిలోనున్న ద్వీపము. బ్యూనస్ ఐరిస్‌కు హరికేన్ అనునది పుస్తకములలో చదువు మాట. పట్టిక ఈ భేదమును చూపజాలదు. ఏలయనగా అది నెలల సగటులపై నిర్మింపబడినది. హరికేన్ ఒక్క దినపు పని. నూరేండ్లకొకమారు వచ్చి ఆరుగంటలు వీచిన గాలి నెలవారీ సగటులో ఆనవాలు కూడ మిగుల్చదు. ఆ ఆరుగంటలలో ఊరు పోవచ్చును, సగటు మాత్రము చెక్కుచెదరదు.

ఈ భేదమునకు కారణము తెలియవలెనన్న హరికేన్ ఎట్లు పుట్టునో చూడవలెను.

సముద్రముపై నడచు ఉష్ణయంత్రము

హరికేన్, టైఫూన్, తుపాను అనునవి ఒకే జాతికి వేర్వేరు సముద్రములపై గల పేర్లు. అట్లాంటిక్‌లో గాలివేగము గంటకు 119 కిలోమీటర్లకు చేరినప్పుడే దానికి హరికేన్ అను పేరు వచ్చును. దీనిని ఒక ఉష్ణయంత్రముగ భావించుట తగియున్నది. వెచ్చని సముద్రము దాని పొయ్యి. నీటియావిరి దాని ఇంధనము. ఒక కిలోగ్రాము నీటియావిరి తిరిగి నీటి బిందువులుగ మారునప్పుడు విడుదలయగు గుప్తోష్ణము సుమారు 25 లక్షల జౌళ్లు. ఆరు కిలోగ్రాముల నీటిని మంచుచలినుండి మరుగు స్థితికి తెచ్చుటకు అది చాలును.

సముద్రముపై ఒకచోట ఉరుముమేఘముల గుంపు ఏర్పడి నిలిచినదనుకొనుడు. మేఘములలో విడుదలయైన వేడిమి అచ్చటి గాలిస్తంభమును వెచ్చజేయును. వెచ్చని గాలి తేలికైనది. కావున క్రింద పీడనము తగ్గును. చుట్టునున్న గాలి అటు పరుగెత్తును. భూభ్రమణము వలన అది తిన్నగ పోక ప్రక్కకు మళ్లి సుడి తిరుగును. సుడి వేగము హెచ్చినకొలది సముద్రమునుండి ఆవిరి మరింత వడిగ లేచును. ఆవిరి హెచ్చినకొలది వేడిమి, వేడిమి హెచ్చినకొలది సుడి హెచ్చును. చివరకు నడుమ కన్ను ఏర్పడును. కంటిలో గాలి దిగుచుండుటచే ఆకాశము తేటపడును; దాని చుట్టును గోడవలె నిలిచిన మేఘవలయములో గాలి అత్యంత తీవ్రముగ వీచును. క్రింద సముద్రము సుమారు 27 డిగ్రీల వెచ్చదనము గలది. పైన గాలి బయటకు వెడలు చోటు సుమారు మైనస్ 70 డిగ్రీల చల్లదనము గలది. ఆవిరియంత్రమునకు వలెనే ఈ వేడి చల్లదనముల వ్యత్యాసమే దీనిని నడపును. భూమిపైకి రాగానే పొయ్యి ఆరిపోవును గనుక తుపాను నీరసించును.

ఈ వివరణమును చదివినవారు "సముద్రము వేడెక్కిన తుపాను పుట్టును" అని సంగ్రహించుకొనుట పరిపాటి. అనేక పాఠములు కూడ అంతటితోనే ముగియును. ఈ సంగ్రహము సగము నిజము మాత్రమే. 1948లో ఎరిక్ పాల్మెన్ హరికేన్‌లు పుట్టు సముద్రజలము 26, 27 డిగ్రీలకు మించియుండునని చూపెను. 1968లో విలియమ్ గ్రే ప్రపంచములోని తుపానులన్నిటిని పరిశీలించి, వేడి నీరొక్కటి చాలదని స్పష్టపరచెను. ఆ వేడి పై పొరకే పరిమితము కాక లోతువరకు వ్యాపించియుండవలెను. భూమధ్యరేఖకు సుమారు 5 డిగ్రీలకు తక్కువ దూరమున సుడి తిరుగుట అరుదు, ఏలయనగా భూభ్రమణ ప్రభావము అచ్చట మిక్కిలి స్వల్పము. నడిమి ఎత్తులలో గాలి తేమగలదై యుండవలెను. ముందుగనే ఏదో ఒక బలహీనమైన సుడి విత్తనమువలె ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, క్రింది గాలికిని పై గాలికిని వేగములో, దిశలో పెద్ద భేదము ఉండరాదు. భేదమున్నచో మేఘములలో పోగుపడిన వేడిమి సుడికి పైన నిలువక ఒక ప్రక్కకు కొట్టుకొనిపోవును. గాలిస్తంభము వంగి, యంత్రము ఆగిపోవును.

ఈ చివరి నియమమునకు బంగాళాఖాతము మంచి నిదర్శనము. జూలై, ఆగస్టు మాసములలో అచ్చట నీరు వెచ్చగనేయుండును, తేమకు కొదువ లేదు, అల్పపీడనములు ఒకదాని వెంట ఒకటి పుట్టుచుండును. వాయుగుండములు ఏర్పడి వాన కురిపించును. అయినను పూర్తి తుపానులు ఆ నెలలలో అరుదు. ఏప్రిల్, మే నెలలలోను, అక్టోబరు మొదలు డిసెంబరు వరకును అవి వచ్చుచుండును. ఋతుపవనకాలమున క్రింద నైరృతి గాలి వీచుచుండగా, పైన 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పునుండి పడమరకు బలమైన గాలిప్రవాహము సాగుచుండును. ఆ తూర్పు ప్రవాహమును 1958లో ఒక వ్యాసమున వివరించి లోకమునకు తెలిపినవాడు భారత వాతావరణశాస్త్రజ్ఞుడైన పి. కోటేశ్వరం. క్రింది గాలి ఒకవైపునకు, పై గాలి ఎదురువైపునకు లాగుచుండగా తుపాను నిలద్రొక్కుకొనజాలదు. వేడి నీరే కారణమైనచో జూలైలో తుపానులు రావలెను; నవంబరులో వచ్చుచున్నవి.

దక్షిణ అట్లాంటిక్ సముద్రమున హరికేన్‌లు దాదాపు లేకపోవుటకు కారణమును ఈ నియమములే తెలుపును. అచ్చట పై గాలికి క్రింది గాలికి భేదమెక్కువ. నీరు అంత వెచ్చనిది కాదు. విత్తనములగు సుడులు అరుదు. బ్యూనస్ ఐరిస్ నిశ్చింతగ నుండుటకు ఆధారమిదే. మొక్కలు చెప్పని రహస్యము పది కిలోమీటర్ల ఎత్తుననున్న గాలి చెప్పుచున్నది.

నియమముల జాబితాకు గల పరిమితి

అట్లని గ్రే జాబితాను కొప్పెన్ పట్టికకంటె సర్వోన్నతమైనదని చెప్పుటయు పొరపాటే. ఆ జాబితా కూడ సగటులపైననే ఆధారపడినది. ఏ సముద్రమున, ఏ ఋతువున తుపానునకు అనువైన పరిస్థితులుండునో అది చెప్పును. ఏ దినమున, ఏ మేఘపుగుంపు తుపానుగ మారునో చెప్పదు. ఆఫ్రికా ఖండమునుండి అట్లాంటిక్ పైకి ప్రతి సంవత్సరము సుమారు 60 వాయుతరంగములు బయలుదేరును. 1991 నుండి 2020 వరకు గల లెక్క ప్రకారము ఆ సముద్రమున హరికేన్ స్థాయికి చేరునవి ఏడాదికి సగటున 7 మాత్రమే. వానిలో కొన్ని ఆ తరంగములనుండి పుట్టినవి కూడ కావు. అనుకూల పరిస్థితులున్నను మిక్కిలి భాగము విత్తనములు మొలకెత్తక పోవుచున్నవి.

మొలకెత్తిన విత్తనము పెరుగు విధమును గురించియు శాస్త్రజ్ఞులు వాదించుకొనిరి. 1964లో చార్నీ, ఎలియాసన్ అనువారు మేఘములు, సుడి ఒకదానికొకటి తోడ్పడి పెరుగునని సిద్ధాంతీకరించిరి: సుడి తేమగాలిని లోనికి లాగి మేఘములను పెంచును, మేఘముల వేడిమి సుడిని పెంచును. ఇది చూచుటకు ముచ్చటైన సిద్ధాంతమే. కాని గాలిలో అంతకు ముందే నిలువయున్న తేమయే ఇందులో ఇంధనమైనది. సముద్రపు పాత్ర వెనుకకు పోయినది. అట్లయినచో తేమగాలి గల నేలపై కూడ తుపాను పెరుగవలెను గదా! 1986లో కెరీ ఇమాన్యుయేల్ సముద్రమునే కేంద్రస్థానమున నిలిపెను: గాలివేగము హెచ్చినకొలది సముద్రమునుండి తుపానునకు చేరు ఉష్ణము హెచ్చును, అదియే దానిని పోషించునని వాదించెను. నేలపైకి రాగానే తుపాను క్షీణించుటకు ఈ వాదము సరిగ సరిపోవుచున్నది. అయినను రెండు వాదములును విత్తనము పడిన తరువాతి కథనే చెప్పుచున్నవి. ఈ విత్తనమే ఎందుకు, ఆ విత్తనము ఎందుకు కాదు అను ప్రశ్నకు సంపూర్ణ సమాధానము వానిలో దొరకదు.

నియమములకు మినహాయింపులు కూడ కలవు. 2001 డిసెంబరులో వామెయి అను తుపాను భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల దూరముననే, సింగపూరునకు సమీపమున ఏర్పడెను. 2004 మార్చిలో దక్షిణ అట్లాంటిక్‌లో హరికేన్ బలము గల తుపాను పుట్టి బ్రెజిల్‌లోని శాంటా కాటరినా తీరమును తాకెను. "అచ్చట రావు" అను వాక్యమునకు "అచ్చట అరుదు" అను అర్థము తప్ప వేరొకటి లేదని ఆ రెండును గుర్తుచేసినవి.

సగటును అభయముగ మార్చిన తప్పు

ఈ భేదమును గమనింపకపోవుటచే వచ్చిన నష్టమునకు గాల్వెస్టన్ సాక్షి. అచ్చటి ప్రభుత్వ వాతావరణ కార్యాలయాధికారి ఐజాక్ క్లైన్ 1891లో స్థానిక వార్తాపత్రికయందు ఒక వ్యాసము వ్రాసెను. వాయుగమన సూత్రముల ప్రకారము వెస్టిండీస్ హరికేన్‌లు టెక్సాసు తీరమునకు రావనియు, అంతవరకు వచ్చినవి దారితప్పి వచ్చినవేననియు అందులో వాదించెను. ఆ వాదమునకు ఆధారము లేకపోలేదు. ఆ హరికేన్‌లలో పెక్కు పడమరకు సాగి, తరువాత ఉత్తరమునకు, ఈశాన్యమునకు మళ్లుచుండును. కాని సమీపముననే ఇండియనోలా అను రేవు 1875లో ఒకమారు, 1886లో మరియొకమారు తుపానుచే ధ్వంసమై, చివరకు పాడుపడిపోయెను. గాల్వెస్టన్‌కు సముద్రపు గోడ కట్టవలెనను ఆలోచన అప్పుడే పుట్టినను అమలు కాలేదు.

1900 సెప్టెంబరున హరికేన్ క్యూబాను దాటినప్పుడు వాషింగ్టన్‌లోని అధికారులు అది వాడుక ప్రకారము ఈశాన్యమునకు మళ్లునని తలచిరి. హవానాలోని పరిశీలకుల అభిప్రాయము వేరుగ నుండెను. తుపాను వాడుకను పాటింపలేదు. గాల్వెస్టన్‌లో అత్యున్నత స్థలము సముద్రమట్టమునకు మూడు మీటర్ల ఎత్తు కూడ లేదు. ఉప్పెన నాలుగున్నర మీటర్లకు మించి వచ్చెను. క్లైన్ ఇల్లు కూడ కూలెను; అతని భార్య ఆ ఉప్పెనలో మరణించెను.

ఇచ్చట క్లైన్‌ను దోషిగ నిలుపుట న్యాయము కాదు. అతడు వ్రాసినది ఆనాటి సగటు జ్ఞానమే. దోషము ఒక మాటనుండి ఇంకొక మాటకు జారుటలో నున్నది. "పెక్కు తుపానులు అటు పోవును" అను వాక్యము సగటును తెలుపును. "తుపాను ఇటు రాదు" అను వాక్యము అభయమునిచ్చును. మొదటి వాక్యము ఎంత సత్యమైనను రెండవదానిని నిరూపింపజాలదు.

ఇదే దోషము తుపానుల వర్గీకరణములో కూడ పొంచియున్నది. అమెరికాలో 1970 దశకము ఆరంభమునుండి హరికేన్‌లను గాలివేగమునుబట్టి ఐదు తరగతులుగ విభజించుచున్నారు. 1969లో మిసిసిపీ తీరమును తాకిన కెమిల్ హరికేన్ ఐదవ తరగతికి చెందినది. 2005లో అదే తీరమును తాకిన కాట్రినా తీరము చేరునాటికి మూడవ తరగతికి దిగియుండెను. కాని కాట్రినా విస్తారమైన తుపాను. అది తెచ్చిన ఉప్పెన కెమిల్ ఉప్పెనను మించిపోయెను. కెమిల్‌నాడు నీరు రాని ఇండ్లలోనే ధైర్యముగ నిలిచినవారు కొందరు కాట్రినాలో ప్రాణములు కోల్పోయిరి. గాలిని కొలుచు తరగతిని నీటికి కొలతగ పఠించుటయే ఆ ధైర్యమునకు మూలము. 2010లో ఆ తరగతుల వివరణనుండి ఉప్పెన అంచనాలను తొలగించిరి.

ఇతర వర్గీకరణములు

కొప్పెన్ పద్ధతిని విమర్శించి, వేరు మార్గములు త్రొక్కినవారు కలరు. సి. డబ్ల్యు. థార్న్‌త్వైట్ 1948లో వాన ఎంత అని కాక, నేలకు మొక్కకు కావలసిన నీరు ఎంత, అందునది ఎంత అను జమాఖర్చుపై తన పద్ధతిని నిర్మించెను. 1956లో వి. పి. సుబ్రహ్మణ్యం ఆ పద్ధతిని భారతదేశమునకు అన్వయించెను. సేద్యపునీటి విషయములలో ఇది కొప్పెన్ పద్ధతికంటె సూక్ష్మమైనదని ఒప్పుకొనవలెను. మరికొందరు ఫలితములను విడిచి కారణములను పట్టిరి. 1950లో జర్మనీకి చెందిన ఫ్లోన్ గాలిమండలములనుబట్టి, సోవియట్ శాస్త్రజ్ఞుడు అలిసోవ్ వాయురాశులనుబట్టి శీతోష్ణస్థితులను విభజించిరి. తుపానునకు కారణమైన గాలులు ఈ పద్ధతులలో స్థానము పొందినవి. ఆ మేరకు ఇవి సత్యమునకు దగ్గరివి. కాని వాడుటకు కష్టమైనవి; హద్దులు అంత స్పష్టముగ తేలవు. వీనిలో కూడ తుపాను దినమునకు గడి లేదు.

కావున పద్ధతి మార్చినంత మాత్రమున చిక్కు తీరదు. ఏ వర్గీకరణమైనను ఒక ప్రశ్నకు సమాధానముగ పుట్టినదే. కొప్పెన్ ప్రశ్న "ఇచ్చట ఏమి పెరుగును?" అనునది. థార్న్‌త్వైట్ ప్రశ్న "ఇచ్చట నీరు చాలునా?" అనునది. గ్రే ప్రశ్న "తుపాను ఎచ్చట పుట్టగలదు?" అనునది. తీరమున ఇల్లు కట్టుకొనువాని ప్రశ్న వేరు: "ఇచ్చటికి ఎంత నీరు రాగలదు?" ఈ నాలుగవ ప్రశ్నకు మొదటి మూడు పట్టికలలో సమాధానము వెదకువాడు మోసపోవును. మోసగించినది పట్టిక కాదు.

కృష్ణాతీరమున ఈ మాటకు సాక్ష్యము కలదు. మచిలీపట్నము కొప్పెన్ పట్టికలో 'ఎ-డబ్ల్యు' క్రింద చేరును. ఉష్ణమండలము, చలికాలమున అనావృష్టి అని భావము. పంటల విషయమున ఆ మాట నిజమే. కాని 1977 నవంబరు 19వ తేదీన, చలికాలపు గుమ్మము వద్ద, దివిసీమపై సుమారు 5 మీటర్ల ఉప్పెన వచ్చెను. అధికార లెక్కల ప్రకారమే మరణించినవారు సుమారు 10,000 మంది. ఆ తరువాత తీరమున హెచ్చరికల ఏర్పాటు, ఆశ్రయభవనముల నిర్మాణము జరిగినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినప్పుడు లక్షలాది ప్రజలను ముందుగ తరలించిరి; మృతుల సంఖ్య వేలలో గాక పదులలో నిలిచెను. రెండు తుపానుల ఉప్పెన సమానము కాదు గనుక ఈ పోలికను హద్దుమీరి చెప్పరాదు. అయినను సగటును గాక రానున్న దినమునే చూచి పనిచేయుట వలన కలిగిన మేలు అందులో కనబడుచున్నది.

మారుచున్న సగటు

ఈ విమర్శకు నేడు ఇంకొక కారణము తోడైనది. కొప్పెన్ కాలమున సగటు స్థిరమైనదను విశ్వాసముండెను. ముప్పది యేండ్ల అంకెలు సేకరించిన ఒకచోటి స్వభావము తేలునని తలచెడివారు. భూగోళము వేడెక్కుచుండగా ఆ ముప్పది యేండ్ల సగటే కదలిపోవుచున్నది. పటము మీది రంగుల హద్దులు జరుగుచున్నవి. తుపానుల విషయమున 2021లో వెలువడిన అంతర్జాతీయ వాతావరణ మార్పుల సంఘపు నివేదిక జాగ్రత్తతో మాటలాడినది: మొత్తము తుపానుల సంఖ్య పెరుగునని అది చెప్పలేదు, గత నాలుగు దశాబ్దములలో తీవ్రమైన తుపానుల పాలు పెరిగియుండవచ్చుననియు, వేడిమితోపాటు తుపానులు కురిపించు వాన హెచ్చుననియు తెలిపినది. ఒక డిగ్రీ వేడికి గాలి సుమారు 7 శాతము ఎక్కువ ఆవిరిని పట్టుకొనగలుగుటయే దానికి మూలము. సంఖ్య సగటు మారకయే అపాయము హెచ్చగలదు.

పాఠ్యపుస్తకములు వ్రాయువారికి, పటములు గీయువారికి దీనినుండి ఒక చిన్న పని మిగులుచున్నది. ప్రతి ఊరి సగటు ఉష్ణోగ్రత, సగటు వర్షపాతముల ప్రక్కన ఆ ఊరు చూచిన అత్యధిక గాలివేగము, ఒక్క దినమున కురిసిన అత్యధిక వర్షము, ఎక్కిన అత్యున్నతపు నీటిమట్టము, వాని సంవత్సరములతో సహా ముద్రింపవలెను. కొప్పెన్ అక్షరములకు దానివలన ఏ నష్టమును లేదు. ఏ విత్తనము చల్లవలెనో సగటు చెప్పును. గడప ఎంత ఎత్తున కట్టవలెనో ఆ రెండవ వరుస చెప్పును. గాల్వెస్టన్ 1900 తరువాత ఐదు మీటర్లకు మించిన సముద్రపు గోడ కట్టి, ఊరి నేలను ఎత్తు చేసికొనెను. 1915లో మరల పెద్ద హరికేన్ వచ్చినప్పుడు ఆ గోడ వెనుకనున్న నగరము నిలిచెను. ఆ పదునైదేండ్లలో ఆ ఊరి శీతోష్ణస్థితి వర్గము మారలేదు. పటమున అదియే రంగు, అవే అక్షరములు.